సవానా మిల్లులో గణతంత్రం

1936 వేసవిలో ఫ్రాన్స్ కార్మికులు యంత్రాలను ఆపి కర్మాగారాల లోపలే కూర్చున్నారు. లెయోన్ బ్లూమ్ నాయకత్వంలోని ప్రజాసంఘటన ప్రభుత్వం వారిపైకి పోలీసులను పంపలేదు. జూన్ 7న యజమానులకు, కార్మిక ప్రతినిధులకు మధ్య మాటిన్యోన్ ఒప్పందం కుదిర్చింది. అదే నెలలో వారానికి 40 గంటల పని చట్టమైంది.

మరుసటి నెలలో, అదే త్రివర్ణ పతాకం కింద ఉన్న పుదుచ్చేరిలో, జౌళి కార్మికులు అదే పద్ధతిని అనుసరించారు. జూలై 30న సవానా మిల్లు వద్ద పోలీసులు కాల్పులు జరిపారు. 12 మంది కార్మికులు మరణించారు.

వారు కోరినవి రోజుకు ఎనిమిది గంటల పని, సంఘం పెట్టుకునే హక్కు. వీటిలో విప్లవమేమీ లేదు. ఫ్రాన్స్‌లో సంఘస్వేచ్ఛ 1884 నుంచి, ఎనిమిది గంటల పని 1919 నుంచి చట్టసమ్మతాలు. కొద్ది మైళ్ల దూరంలోని బ్రిటిష్ సరిహద్దు దాటితే అక్కడా 1926 నుంచి కార్మిక సంఘాలకు చట్టబద్ధమైన గుర్తింపు ఉంది. 1871 నుంచి పారిస్ పార్లమెంటుకు ప్రతినిధిని పంపుతున్న ప్రాంతం తన మిల్లులో సంఘం పెట్టుకోలేకపోయింది! అందువల్లనే దీనిని కేవలం కూలి తగాదాగా చూడటం పొరపాటు. పౌరుడు ఎవరన్న ప్రశ్నే ఇక్కడ ప్రధానం.

ఆ ఉద్యమానికి నాయకుడు వి. సుబ్బయ్య. అప్పటికి ఆయన వయస్సు 25 ఏళ్లు. 1934లోనే ‘స్వతంత్రం’ పత్రికను ప్రారంభించారు. మరుసటి ఏడాది సవానాలో సమ్మె జరిగింది. కనుక గవర్నర్ సోలోమియాక్ యంత్రాంగానికి ఈ అసంతృప్తి కొత్త కాదు. సమయం ఉంది, సమాచారమూ ఉంది. లేనిది వినే ఉద్దేశమే.

కాల్పుల వార్త పారిస్‌లోని వామపక్ష ప్రభుత్వాన్ని ఇరకాటంలో పెట్టింది. పూర్వం కార్మిక మంత్రిగా పనిచేసిన జస్టిన్ గోదార్ పరిస్థితులను పరిశీలించడానికి వచ్చారు. సుబ్బయ్య స్వయంగా పారిస్ వెళ్లారు. 1937 ఏప్రిల్ 6 నాటి డిక్రీతో ఫ్రెంచి ఇండియాలో ఎనిమిది గంటల పని, సంఘ హక్కు అమలులోకి వచ్చాయి. ఆసియాలో ఇదే మొదటిదని పుదుచ్చేరి వారు ఇప్పటికీ సగర్వంగా చెప్పుకుంటారు. అంతకు ఎనిమిది నెలల ముందు ఇదే కోరిక నేరమైంది.

ఫ్రెంచి ఏలుబడిలో తెలుగు గడ్డ యానాం. అయినా తెలుగువారి జ్ఞాపకంలో ఫ్రెంచి ఇండియా చరిత్ర 1954 జూన్ 13 నాటి యానాం విమోచనతోనే మొదలవుతుంది. నేడు యానాం నుంచి పిళ్ళైచావడిలోని సాంకేతిక విశ్వవిద్యాలయానికి చదువుకు వెళ్లే విద్యార్థుల్లో ఎందరు సవానా పేరు విని ఉంటారు?

ఆ పేరూ మారింది. సవానా స్వదేశీ మిల్లు అయింది, 2020లో మూతపడింది. ఏటా జూలై 30న పార్టీలు, సంఘాలు అమరులకు పూలదండలు వేస్తాయి.