అబ్రహాము, ఇబ్రహీం
బార్కస్ అంటే బ్యారక్సే. నిజాం ఫౌజుల కొలువుకొచ్చిన హద్రమౌత్ అరబ్బులు ఉన్న చోటు. ఇక్కడ నేను సర్కారు బడి పంతుల్ని. హాజరు పట్టీ తీస్తే ఇబ్రహీంలు కనిపిస్తారు. అదే పేరు మా మాదిగవాడలో అబ్రహాము.

ఈ పేరుతోనే ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముణ్ణి చేసిన్రు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. ఈ పేరుతోనే అబ్రహాం లింకన్ 1863లో బానిసల విముక్తి ప్రకటన చేశాడు. బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు ఫూలే 1873లో 'గులాంగిరి' అంకితమిచ్చాడు. ఆ రెండో అంకితమే మాది.

సుల్తాను పేరుల రాముడు చేరితే పొగడ్త. మా పేరుల చేరితే పొట్టకూటి తిప్పలు. మా వాడ పిల్లలు ఇంట్ల అబ్రహాము, రికార్డుల రాములు. ఎందుకంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుణ్ణి ఎస్సీగా ఒప్పుకోదు. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో కలిపిన్రు. మమ్మల్ని కలపలే. మతం మారితే కులం పోతదట! ఊరి దొర నోట్లో మా తాత ఎన్నడూ అబ్రహాము కాలే, అబ్రాంగాడే. ఆ నోరు ఏ ఉత్తర్వుతో మారిందో చెప్పండి.