ఎనక వరుస

డప్పు ఒక్కడు కొడితే చాటింపు, పదిమంది కలిసి కొడితే మేళం. ఈ తేడా నాకు మా పెద్దనాయిన నేర్పిండు. నేర్పిండంటే కూసోబెట్టి చెప్పలేదు. దెబ్బ తప్పినప్పుడల్లా చేతిలోని సిర్రతో నా మోకాలి మీద ఒక్కటి వేసేది.

మాది వరంగల్ జిల్లాలో ఒక మాదిగవాడ. సావుకు, జాతరకు, చాటింపుకు మా డప్పే. నైజాం కాలంలో అది వెట్టి. పైసలు లేవు, కళ్లం కాడ ఇంత గింజ. నైజాం 1948లో పోయింది గానీ మా ఊరి దొరతనం ఇంకా చాలా ఏండ్లు పోలేదు. దొర ఇంట్ల పెండ్లయితే తెల్లందాక కొట్టాలె. ఒక్కడు తప్పితే తిట్లు అందరికీ. అందుకే మావాళ్లకొక కట్టుబాటు ఉండేది. నేర్చుకునేటప్పుడు తప్పు పట్టాలె. పదిమందిలోకి పోయినంక తప్పు కప్పాలె. ముందు వరుసలో ఎవని చెయ్యి జారినా ఎనక వరుస గట్టిగ లేసి దరువును నిలబెట్టేది.

1985లో కారంచేడు, 1991లో చుండూరు మా తరం నెత్తురును మరిగించినయ్. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. దండోరా అంటేనే మా డప్పు పని. సిగ్గుపడి అటకెక్కించిన డప్పులను చదువుకున్న మేమే దించినం. అప్పుడు నేను డిగ్రీలో ఉన్న. పదిమందితో జట్టు కట్టి పెద్దనని నేనే అనుకున్న. అడుగులన్నీ ఒక్కటిగ పడాలె, సభలో ఎవ్వడూ మనల్ని తక్కువ చూడొద్దు అని నా పంతం.

జట్టులో అరవై దాటిన చిన్నాయిన ఒకాయన ఉండేవాడు. వయసంతా లందలో తోళ్లు ఊనినోడు. సున్నానికి వేళ్లు పగిలి వంకరపోయినయ్. ఎడమచేతి సిటికెన పుల్ల సన్నగ, వేగంగ ఆడాలె. ఆయన వేళ్లు అంత వేగం అందుకోవు. 1995లో ఒక సభకు ముందటి రాత్రి అందరి ముంగట నోరు పారేసుకున్న. "నీ చెయ్యి ఇగ పనికిరాదు, నువ్వు పక్కకు పో."

ఆయన ఏమీ అనలే. గడ్డిమంట కాడ డప్పును ఆనించి పోయిండు. మేం సభలో కొట్టినం, చప్పట్లు పడ్డయ్. ఇంటికొస్తే పెద్దనాయిన ఒక్కటే మాటన్నడు: "దొర తిట్టు నువ్వేడ నేర్చినవ్ రా?"

మరునాడు చిన్నాయిన ఇంటికి పోయిన. "చిన్నాయినా, తప్పయింది, రా" అన్న. "బిడ్డా, దొర ముంగట గతిలేక కొట్టిన. నీ ముంగట కొట్టే గతి నాకెందుకు?" అన్నడు. ఆయన మళ్లీ వేదికెక్కలేదు.

ఆ తర్వాత జట్టును నడిపే తీరు మార్చుకున్న. డప్పులు కాచేటప్పుడు అన్నీ ఒక్కసారి కాగవు. పాత తోలు ఒక తీరు, కొత్త తోలు ఒక తీరు. ఆఖరి డప్పు కాగిందాక మిగిలినోళ్లు ఆగుతరు. మనిషికీ అదే లెక్క పెట్టిన. దెబ్బ తప్పినోనికి సాధనలో, పక్కకు పిలిచి చెప్పిన. వేగం అందనోనికి నిలకడగ సాగే దరువు ఇచ్చిన. పట్టు మాత్రం సడలించలేదు. కులం పేరుతోటి మా డప్పును తక్కువ చేసినోళ్ల ముంగట పేలవంగ కొట్టే హక్కు మాకు లేదు.

పెద్దనాయిన పోయిననాడు నేను ముందు వరుసలో ఉన్న. పాడె లేచేటప్పుడు ఏడుపు ఆగలేదు, నా సిర్ర ఆగింది. ఎనక నుంచి ఒక దరువు గట్టిగ లేసింది. తిరిగి చూస్తే చిన్నాయిన. వంకర వేళ్లతోటే కొడుతుండు.

2024 ఆగస్టు 1న, ఎస్సీలను వర్గీకరించుకునే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాని ఎనక 30 ఏండ్ల డప్పు ఉన్నది. ఆ చరిత్రను రాసేటోళ్లు వేదిక మీద కొట్టినోళ్ల పేర్లు రాస్తరు. నేను పక్కకు పొమ్మన్న చెయ్యి కూడా అందులో ఉన్నదని నేనే రాయాలె. అందుకే రాసిన.