సత్నామీల ధర్మము, ఆచరణము

భిలాయి ఉక్కు కర్మాగారపు మొదటి కొలిమిని 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు ప్రారంభించెను. చుట్టుపట్ల పల్లెలనుండి ఆ కర్మాగారమున పనికి వచ్చినవారిలో సత్నామీలును కలరు. ఆదర్శము ఆచరణమగునపుడు ఏ రూపము దాల్చునో వీరి చరిత్ర చక్కగ తెలుపును.

ఘాసీదాసు 1756లో గిరౌద్‌పురి గ్రామమున, అంటరానిదిగా నెంచబడిన కులమున జన్మించెను. నిరాకారమగు సత్నామమే దైవమనియు, విగ్రహములు వలదనియు, మనుష్యులందరు సమానులనియు బోధించెను. మాంసము, మద్యము, పొగాకు నిషిద్ధములు. ఆవును నాగటికి కట్టరాదు. మధ్యాహ్నము దాటిన పిమ్మట ఎద్దులచేత దున్నింపరాదు. నోరులేని జీవముపట్ల ఇంతటి కనికరము చూపిన నియమములు అరుదు.

అన్నిటిలో పాటింప కష్టమైనది పొగాకే. ఆకును గొట్టముగా చుట్టి పొగ త్రాగు ‘చుంగీ’ని విడువలేనివారు చుంగియాలను పేర వేరు శాఖగా చీలిరి. గురువునకే పిదప మరియొక దర్శనమై నిషేధము తొలగెనని వారు చెప్పుకొనిరి. నియమము మీరినవాడు మీరితినని ఊరక ఒప్పుకొనడు గదా!

సమత మాట మరింత చిక్కు. 1850లో ఘాసీదాసు గతింపగా కుమారుడు బాలకదాసు గురువయ్యెను. అతడు జందెము ధరించెను, అగ్రవర్ణములవారు సహింపలేదు, 1860లో అతడు హత్యకు గురియయ్యెను. కులము లేదన్న మతమున కులచిహ్నమేల యని తొందరపడి ఆక్షేపింపరాదు. అంటరానివాడు జందెము వేసికొనుట లొంగుబాటు కాదు, ధిక్కారము. అయితే గురుపీఠము వంశపారంపర్యమగుటకును, మహంతులు, భండారీలు అను అంతరువులు ఏర్పడుటకును ఈ సమాధానము చాలదు. సమానులగు శిష్యులు కొబ్బరికాయయు రూపాయియు సమర్పించి గురుపాదములకు మ్రొక్కిరి.

పొరుగువారి మాట యేమి? సర్వజీవులయందును ఒకే పరమాత్మ కలడని నమ్మిన ఊళ్ళలోనే మంగలియు చాకలియు సత్నామి గడప త్రొక్కలేదు. మన పలనాట బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టెనని గర్వముతో చెప్పుకొందుము. ఆ చాపను పిదప ఎన్ని ఊళ్ళలో పరచితిమి?

భిలాయిని పెక్కేండ్లు పరిశీలించిన ఆంగ్ల మానవశాస్త్రజ్ఞుడు జోనాథన్ ప్యారీ ఇదే చిక్కును మరియొక విధముగ చూపెను. కర్మాగారమున ఒక జట్టుగా శ్రమించి కలిసి తినిన కార్మికులే, పల్లెకు మరలిన పిదప సత్నామీలకు ఎడముగ మెలగిరి. కొలిమి కరగింపనిది ఊరిబావి కాపాడెను.

నేడు గిరౌద్‌పురియందు 77 మీటర్ల జైత్‌ఖామ్ నిలిచియున్నది, కుతుబ్‌మీనారుకన్న ఎత్తు. పల్లెలలో దాని రూపము తెల్లజెండా కట్టిన తెల్లని గుంజ మాత్రమే.