నల్లగొండ, పాలమూరు రహదారులపై జినాన్ దీపం

హైదరాబాదు నుంచి తూర్పుగా విజయవాడకు, దక్షిణంగా కర్నూలుకు పోయే రెండు పెద్ద దారులు పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల గుండా సాగుతాయి. మొదటిది చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడలను కలుపుకొని ఆంధ్ర సరిహద్దుకు చేరుతుంది. రెండోది షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరుల మీదుగా వెళ్ళి బీచుపల్లి దగ్గర కృష్ణను దాటుతుంది. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలు మారేదాకా వీటిని తొమ్మిదో నంబరు, ఏడో నంబరు రహదారులుగా పిలిచేవారు. ఇప్పుడవి 65, 44. దక్షిణ తెలంగాణ మెట్టసీమలో మోటారు వాహనపు దీపం ఈ రెండు దారుల వెంటే వచ్చింది, వీటి వెంటే మారింది. దీపం బలం పెరిగిన ప్రతిసారీ ఎదుటి మనిషి కంటిని కాపాడే ఏర్పాటు కూడా దాని వెంట రావటం ఆ చరిత్రలో గమనించదగిన విషయం. కర్మాగారంలోనే అమర్చిన జినాన్ దీపానికీ, తరువాత అంగట్లో కొని తగిలించిన జినాన్ దీపానికీ గల అసలు భేదం ఆ ఏర్పాటు ఉండటంలోనూ లేకపోవటంలోనూ ఉంది.

మోటారుకు ముందు ఈ దారుల మీద రాత్రి ప్రయాణమంటే ఎడ్లబండి ఇరుసు కింద వేలాడే కందీలు వెలుగే. ఆ వెలుగు దారి చూపటానికి కాదు, బండి వస్తున్నదని ఎదుటివారికి తెలియటానికి మాత్రమే పనికివచ్చేది. దారిని ఎడ్లే చూసుకొనేవి. ప్రపంచంలో తొలితరం మోటార్లకు కాల్షియం కార్బైడు మీద నీటిచుక్కలు పడినప్పుడు పుట్టే ఎసిటిలీన్ వాయువుతో మండే దీపాలుండేవి. 1912లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ విద్యుత్తుతో స్టార్టరునూ దీపాలనూ కలిపి నడిపే కారును తెచ్చిన తరువాత కార్బైడు దీపం క్రమంగా వెనుకబడింది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో ప్రారంభించేనాటికి విద్యుద్దీపం మోటారులో విడదీయరాని భాగమైపోయింది.

ఆ దీపం బలహీనమైనదే అయినా చీకటికి అలవాటుపడిన కంటికి అదే ఎక్కువ. అందువల్ల హెడ్‌లైటు అద్దం పై సగానికి నల్లరంగు పూయటం, లేదా నడిమధ్యన నల్లని చుక్క అంటించటం దేశమంతటా ఆచారంగా నిలిచింది. దశాబ్దాల పాటు లారీ యజమానులు బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందుకు బండిని తీసుకుపోయే ముందు ఆ నలుపును సరిచూసుకొనేవారు. దానికి తోడు డిప్పర్ మర్యాద ఒకటి పుట్టింది. ఎదురుగా బండి కనబడగానే దీపాన్ని అప్పర్ నుంచి డిమ్‌కు దించటం, అవతలివాడు దించకపోతే ఒకటి రెండుసార్లు ఆర్పి వెలిగించి గుర్తుచేయటం డ్రైవర్ల మధ్య నడిచే సంభాషణ. లారీల వెనుక హారన్ ప్లీజ్ అన్న మాట పక్కనే రాత్రిపూట డిప్పర్ వాడమని కోరే మాట కూడా రాసి ఉండటం అందుకే. చట్టం కాగితం మీద ఎంత చెప్పినా, రెండు బండ్లు పక్కపక్కనే ఒరుసుకొని పోయే ఇరుకు రహదారిని రాత్రిళ్ళు కాపాడింది ఈ మర్యాదేనని చెప్పటం అతిశయోక్తి కాదు.

1962లో ఐరోపాలో హాలోజన్ బల్బు వచ్చింది. తీగచుట్ట, అంటే ఫిలమెంటు, చుట్టూ హాలోజన్ వాయువును నింపటం వల్ల అది ఎక్కువ వేడితో, ఎక్కువ తెల్లగా, ఎక్కువకాలం మండుతుంది. 1971లో వచ్చిన హెచ్4 రకం ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లను ఇమిడ్చింది; దూరం చూడటానికి ఒకటి, దగ్గరి వెలుగుకు ఒకటి. దగ్గరి వెలుగు ఫిలమెంటు కింద చిన్న గిన్నెలాంటి లోహపు రేకు ఉంటుంది. అది కిందివైపు పోయే కాంతిని ఆపివేస్తుంది కాబట్టి వెనుకనున్న పరావర్తకంలో, అంటే రిఫ్లెక్టరులో, పై సగం మాత్రమే పనిచేసి వెలుగును రోడ్డు మీదికి వంచుతుంది. అద్దం మీది నల్లరంగు చేసిన పనిని ఇక్కడ బల్బు లోపలి రేకే ఇంకా నేర్పుగా చేస్తున్నది. ఇప్పటికీ కోట్లాది బండ్లలో వెలిగే ఈ బల్బు శక్తి 60, 55 వాట్లు. దగ్గరి వెలుగు సుమారు 1,000 ల్యూమెన్లు. ల్యూమెన్ అంటే దీపం నుంచి వెలువడే మొత్తం కాంతికి కొలత.

జినాన్ దీపంలో ఫిలమెంటే లేదు. స్ఫటికపు గొట్టంలో రెండు ఎలక్ట్రోడుల మధ్య సుమారు 4 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది; జినాన్ వాయువు నింపిన ఆ ఎడంలోకి 20,000 వోల్టులకు పైబడిన పిడుగులాంటి తాకిడి ఒక్కసారి పంపితే విద్యుచ్చాపం, అంటే ఆర్క్, రగులుతుంది. ఆ తరువాత దానిని నిలబెట్టటానికి తొలితరం బల్బులకు 85 వోల్టులు, పాదరసం లేని తరువాతి తరం వాటికి 42 వోల్టులు చాలు. ఆ తాకిడిని పుట్టించి, ఆపైన విద్యుత్తును అదుపు చేసే పెట్టెను బ్యాలస్ట్ అంటారు. 35 వాట్లకే 3,000 ల్యూమెన్లకు పైగా కాంతినిచ్చే ఈ దీపాన్ని 1991లో బీఎండబ్ల్యూ తన 7 సిరీస్ కారులో మొదట అమర్చింది; దగ్గరి, దూరపు వెలుగులు రెండూ ఒకే జినాన్ బల్బు నుంచి వచ్చే బై-జినాన్ ఏర్పాటును 1999లో మెర్సిడెస్ తన సీఎల్ కారులో తెచ్చింది.

మూడింతలైన వెలుగుకు కట్టుబాట్లు కూడా అంతగానూ బిగుసుకున్నాయి. బల్బుకూ దాని ఇంటికీ ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో ప్రత్యేక అధ్యాయాలు ఏర్పడ్డాయి. 2,000 ల్యూమెన్లు దాటే దీపం పెట్టిన కారుకు బరువును బట్టి వెలుగును తనంతట తానే పైకీ కిందికీ సరిచేసుకొనే యంత్రం, అద్దం మీది దుమ్మును కడిగే వాషరు ఉండాలని ఐరోపా నియమం పెట్టింది. వెనుక సీట్లో ముగ్గురు కూర్చుంటే కారు ముందు భాగం లేచి వెలుగు ఎదుటివారి కళ్ళల్లో పడుతుంది. అద్దం మీద పేరుకున్న మట్టి కాంతిని చెల్లాచెదురు చేసి అదే హాని చేస్తుంది. ఎర్రమట్టి, చల్కా నేలల దుమ్ము లేచే పాలమూరు దారుల్లో ఈ రెండో నియమం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ కార్లు తెలంగాణ దారుల మీదికి కొంచెం కొంచెంగానే వచ్చాయి. ఔరంగాబాదులో తయారైన స్కోడాలు, 2007 నుంచి చెన్నై దగ్గర బిగించిన బీఎండబ్ల్యూలు, అటువంటి మరికొన్ని ఖరీదైన కార్లు ఉన్న కొద్దిమందికే జినాన్ దక్కింది; 2015లో వచ్చిన మారుతి బాలెనో పైరకంతో అది మధ్యతరగతి గడపకు చేరింది. అంతకు చాలా ముందే కిట్ వచ్చేసింది. రెండు సన్నని బల్బులు, రెండు బ్యాలస్టులు, ఒక రిలే, కొంత వైరు ఉన్న ఆ డబ్బాను హెచ్ఐడీ కిట్ అంటారు. నల్లగొండ జిల్లా రెండు ఆటోనగర్ల నడుమ ఉంది; పడమటి కొసన హైదరాబాదులో వనస్థలిపురం పక్కన ఒకటి, తూర్పు కొసన విజయవాడలో మరొకటి. విడిభాగాలకూ మరమ్మతులకూ ఈ దారి లారీలు తరతరాలుగా ఆ రెంటినే ఆశ్రయించాయి. కిట్ అక్కడి దుకాణాల నుంచి సూర్యాపేట, మిర్యాలగూడ, జడ్చర్ల ఆటో ఎలక్ట్రీషియన్ల చేతికి రావటానికి ఆటంకమేమీ లేకపోయింది. కొన్నవారిని తప్పుపట్టటం తేలికే గాని, వీధిదీపం లేని దారిలో రాత్రంతా బండి తోలేవాడికి ఎక్కువ వెలుగు కావాలనిపించటం సహజమైన కోరిక. దోషం ఆ వెలుగును తగిలించిన చోట ఉంది.

హెచ్4 కోసం తీర్చిన రిఫ్లెక్టరులో జినాన్ బల్బు పెట్టినప్పుడు జరిగేది ఇది. రిఫ్లెక్టరు వంపులోని ప్రతి బిందువూ ఫిలమెంటు ఉండే చోటును, దాని పొడవును, కింది రేకును లెక్కలోకి తీసుకొని తీర్చినది. ఆర్క్ ఆకారం వేరు. అది కొద్దిగా పైకి వంగుతుంది, రెండు కొసల దగ్గర ఎక్కువ ప్రకాశిస్తుంది. కిట్ బల్బుకు రేకు ఉన్నా అది సరైన చోట ఉండదు. దానితో మూడింతల కాంతి వంగవలసిన చోట వంగక, మనిషి కంటి ఎత్తులో పరుచుకుంటుంది. చాలా కిట్లు 6,000, 8,000 కెల్విన్ల నీలివెలుగునిస్తాయి. కర్మాగారపు జినాన్ రంగు 4,200 కెల్విన్ల దరిదాపుల్లో, దాదాపు శుభ్రమైన తెలుపు. కెల్విన్ సంఖ్య పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది గాని దారి మరింత కనబడదు.

పాతకారు కొనేవారికి ఈ భేదం డబ్బుతో ముడిపడిన విషయం కూడా. కంపెనీ జినాన్ ఉన్న రకానికి ధర ఎక్కువ. తేడా పట్టటానికి రంగును నమ్మలేము, దొంగబల్బు కూడా తెల్లగా వెలగవచ్చు. వెలుగును గుండ్రని కటకం గుండా పంపే ప్రొజెక్టరు ఉన్నంత మాత్రాన చాలదు, హాలోజన్‌కూ ప్రొజెక్టర్లున్నాయి. హెడ్‌లైటు కవచం అంచునో, బానెట్ ఎత్తితే కనబడే డూమ్, అంటే దీపపు గూడు, పై భాగానో ఉన్న చిన్న అక్షరాలను చదవాలి. వృత్తంలో ఇ అక్షరం, దాని పక్కన ఆమోదమిచ్చిన దేశపు సంఖ్య ఉంటాయి. 1 అంటే జర్మనీ, 2 ఫ్రాన్స్, 3 ఇటలీ. దగ్గరలో హెచ్‌సి, హెచ్‌ఆర్ అని ఉంటే ఆ ఇల్లు హాలోజన్ కోసం కట్టినది. డిసి, డిఆర్ అని ఉంటే జినాన్ కోసం కట్టినది. అక్కడే ఒక బాణం గుర్తు కూడా చూడదగినది. ఎడమవైపు నడిచే మన దేశానికి తగిన దీపం మీద, కారు ఎదుట నిలబడి చూసేవాడి కుడివైపుకు బాణం ఉంటుంది. అది లేకపోతే, పరదేశంలో కుడివైపు నడిచే కార్ల నుంచి విప్పి తెచ్చిన దీపమని అనుమానించాలి. అటువంటి దీపం అసలు జినానే అయినా, దాని వెలుగు అంచు మన రోడ్డు పక్కకు కాక ఎదుటి బండి వైపు లేస్తుంది.

తరువాత డ్రైవరు ముందున్న మీటలను చూడాలి. హెడ్‌లైటు ఎత్తు మార్చే చిన్న చక్రం ఉంటే సాధారణంగా అది హాలోజన్ కారే. కంపెనీ జినాన్ కారులో తాళం తిప్పి దీపం వేయగానే గోడ మీది వెలుగు ఒకసారి కిందికి దిగి మళ్ళీ లేచి తన చోట నిలుస్తుంది. వెనుక ఇరుసు దగ్గర ఆ యంత్రానికి సంకేతమిచ్చే సెన్సారు, దాని సన్నని కడ్డీ కనబడతాయి. బ్యాలస్ట్ డూమ్ అడుగున మరలతో బిగించి, అధిక వోల్టేజి హెచ్చరికతో ఉంటుంది. కిట్ అయితే బ్యాలస్ట్ ప్లాస్టిక్ పట్టీలతో ఏ రేకుకో కట్టి వేలాడుతుంది, బ్యాటరీ నుంచి విడిగా ఎర్రవైరు వస్తుంది, డూమ్ వెనుక మూతకు రంధ్రం చేసి రబ్బరు బిరడా గుండా వైరును దూర్చి ఉంటారు. బంపరులో వాషరు లేదని మాత్రం తొందరపడకూడదు. 25 వాట్ల జినాన్ 2,000 ల్యూమెన్లు దాటదు కాబట్టి దానికి వాషరు తప్పనిసరి కాదు. బీఎండబ్ల్యూ వంటి కార్లలో తయారీ నాటి కోడ్‌ల పట్టికే సాక్ష్యం చెబుతుంది. అందులో 522 ఉంటే జినాన్ కర్మాగారం నుంచి వచ్చినదే.

చట్టం ఈ విషయంలో అస్పష్టంగా లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది, దీపానికి 8 మీటర్ల దూరంలో, బండి కుడి అంచుకు అర మీటరు పక్కన, నేలకు మీటరున్నర ఎత్తున ఉన్న కంటిని వెలుగు మిరుమిట్లు గొలపరాదని అంటుంది. ఎదుటి డ్రైవరు కన్ను ఉండే చోటును అది కొలతలతో గీసి చూపినట్టే. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చటాన్ని 1988 చట్టంలోని 52వ సెక్షన్ నిషేధించిందని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అదే ఏడు వచ్చిన సవరణ, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునని చేర్చింది.

రహదారులు కూడా మారాయి. 2012లో విజయవాడ దారి నాలుగు వరుసలయ్యాక, మధ్య విభాగినిలో నాటిన గన్నేరు గుబుర్లు ఎదుటి దీపాలకు తెరగా నిలిచాయి. కర్నూలు దారిలోనూ అటువంటి పచ్చని తెర ఉంది. ఆ గన్నేరు అందానికి నాటినదని చాలామంది అనుకుంటారు గాని దాని ప్రధాన ప్రయోజనాల్లో ఇదొకటి. అయితే జిల్లాల లోపలి రెండు వరుసల దారులకు ఆ రక్షణ లేదు. కోతల కాలంలో ఆ దారుల సగం మీద రైతులు వడ్లు ఆరబోస్తారు. రాత్రికి కుప్ప చేసి పట్టా కప్పి, చుట్టూ బండరాళ్ళు పేరుస్తారు. ఎదుటి వెలుగుకు కళ్ళు చెదిరిన స్కూటరువాడికి చూపు తిరిగి కుదుటపడటానికి పట్టే ఆ కొన్ని క్షణాల్లో నల్లని పట్టా, నల్లని రాళ్ళు, నల్లని తారు ఒకటే. వెనుక ఎర్రదీపం లేని పత్తి ట్రాక్టరు సంగతీ అంతే. దూరాన మన్ననూరు దగ్గర, అమ్రాబాద్ పులుల అడవిలోకి పోయే శ్రీశైలం దారిని వన్యప్రాణుల కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసివేస్తారు. మనుషులు నడిచే దారులకు అటువంటి విరామం సాధ్యం కాదు.

కర్మాగారపు జినాన్ కాలం ఇప్పుడు ముగింపుకు వచ్చింది. 2007లో లెక్సస్ ఎల్ఎస్ 600హెచ్ దగ్గరి వెలుగుకు ఎల్ఈడీలను వాడింది. ఆపైన పదేళ్ళలో ఎల్ఈడీ చిన్నకార్లకూ దిగివచ్చింది, బాలెనో కూడా 2019లో జినాన్‌ను వదిలి అటే మళ్ళింది. జినాన్ కార్లు ఇక పాతకార్ల సంతలోనే దొరుకుతాయి. అంగట్లో జినాన్ కిట్ చోటును ఎల్ఈడీ బల్బు ఆక్రమించింది. బ్యాలస్ట్ అవసరం లేదు, తగిలించటం ఇంకా తేలిక, ధర ఇంకా తక్కువ. దానిని పెడుతున్నది మాత్రం అదే హెచ్4 రిఫ్లెక్టరులో, డూమ్ మీద హెచ్‌సి, హెచ్‌ఆర్ అన్న అక్షరాలు చెరగకుండా ఉన్న కార్లలో. కాబట్టి ఫిట్‌నెస్ పరీక్షలో ఇన్‌స్పెక్టరు దీపం రంగును చూసి వదలక, బానెట్ ఎత్తి ఆ అక్షరాలకూ లోపల వెలుగుతున్న బల్బుకూ పొంతన ఉన్నదా అని చూడటం జినాన్ నాడు ఎంత అవసరమో నేడూ అంతే అవసరం.