శాస్ అంటే చట్రమే

సౌదీలో ఏ ఊరి రోడ్డు మీదైనా కాసేపు నిలబడితే లేత గోధుమ రంగు టొయోటా ల్యాండ్ క్రూజర్ పికప్ ఒకటి కంటబడుతుంది. వెనక తొట్టిలో గొర్రెలో, గడ్డి మోపులో, నీళ్ల ట్యాంకో ఉంటుంది. ఇక్కడివాళ్లు దాన్ని టొయోటా అనరు, ల్యాండ్ క్రూజర్ అనీ అనరు. ‘శాస్’ అంటారు. మన మెకానిక్కులు ‘ఛాసిస్’ అనే మాటే అరబ్బుల నోట అరిగి శాస్ అయింది. మనిషిని వెన్నెముక పేరుతో పిలిచినట్టు, బండిని దాని చట్రం పేరుతో పిలుస్తున్నారన్నమాట. పాత కారు విప్పి కొత్త కారు కట్టే పని పుట్టుక గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ పేరే గుర్తొస్తుంది.

కిట్ కారు అంటే తెలిసిందే. ఒక కంపెనీ గొట్టాల చట్రం, ఫైబర్ బాడీ ఇస్తుంది. ఇంజన్, గేర్‌బాక్స్, వెనక ఇరుసు హౌసింగ్, బ్రేకులు, స్టీరింగ్ ఇంకో పాత కారు నుంచి తెచ్చుకోవాలి. తన అవయవాలిచ్చే ఆ కారును దాత అంటారు. సౌదీలో దాతలు దొరికే చోటు తష్లీహ్, అంటే తుక్కు బళ్ల అంగడి. తలుపులు ఒకవైపు, ఇంజన్లు ఒకవైపు, ఎండకు పెళుసెక్కిన డాష్‌బోర్డులు ఇంకోవైపు కొండల్లా పడి ఉంటాయి. దమ్మామ్ సనయ్యాలో, అంటే పారిశ్రామిక వాడలో, మా షెడ్డు పక్క షెడ్డులోని సౌదీ కుర్రవాడు కోబ్రా అనే పాత స్పోర్ట్స్ కారు ఆకారంలో కారు కట్టాలని పట్టుబట్టి, ఏ బండి విప్పాలో చెప్పమని మమ్మల్ని తష్లీహ్‌కు తీసుకుపోయాడు. అతని చూపంతా గుద్దుకుని వచ్చిన ఒక ఎర్ర కామారో మీద ఉంది. నాతో వచ్చిన జగిత్యాల మెకానిక్ మాత్రం అటు చూడనైనా చూడలేదు. “అన్నా, ఇంజన్ సంగతి తర్వాత. ముందుగాల కింద పండి ఛాసిస్ సూడు” అన్నాడు.

అతనికి తెలియకపోవచ్చు గాని, ఆ మాట వెనక వందేళ్ల చరిత్ర ఉంది.

1922లో ఇంగ్లండులో ఆస్టిన్ 7 అనే బుల్లి కారు వచ్చింది. 747 సీసీ ఇంజన్. చట్రం ఇంగ్లీషు ‘ఏ’ అక్షరంలా ముందు సన్నగా, వెనక వెడల్పుగా ఉండేది. మధ్యతరగతికి కారు అందుబాటులోకి తెచ్చిన బండి అది. జర్మనీలో డిక్సీ పేరుతో లైసెన్సు మీద తయారైంది. 1928లో ఆ డిక్సీ కంపెనీని కొనడంతోనే బీఎండబ్ల్యూ కార్ల వ్యాపారంలో అడుగుపెట్టింది. 1939లో ఆస్టిన్ 7 తయారీ ఆగిపోయింది. యుద్ధం ముగిసేసరికి ఇంగ్లండులో వీధివీధినా పాత ఆస్టిన్ 7లు అగ్గువకు దొరికేవి. పై రేకు తుప్పు పట్టినా కింది చట్రం, ఇంజన్ బాగానే ఉండేవి. కుర్రకారు ఆ రేకు పీకేసి, తేలికైన అల్యూమినియం తొడిగి పందేల్లో దిగారు. వాటిని ‘స్పెషల్స్’ అనేవారు. కోలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరింగ్ విద్యార్థి 1948లో అలాంటిదే ఒకటి కట్టాడు. లోటస్ కంపెనీకి అదే మొదటి కారు.

1957లో ఆ చాప్‌మనే లోటస్ 7ను విడి భాగాలుగా అమ్మడం మొదలుపెట్టాడు. అప్పట్లో బ్రిటన్‌లో పూర్తిగా తయారైన కారు మీద కొనుగోలు పన్ను ఉండేది. విడి సామానుకు ఉండేది కాదు. కాని బిగించే పద్ధతి రాసిచ్చిన కాగితం జతచేస్తే అది సామాను కాకుండా కారు కిందే లెక్క. అందుకని విప్పే పద్ధతి రాసిచ్చేవారని, దాన్ని చివర్నుంచి మొదటికి చదువుకుంటూ జనం బిగించుకునేవారని ఆ వర్గాల్లో తరతరాలుగా చెప్పుకుంటారు. 1973లో వ్యాట్ రావడంతో ఆ వెసులుబాటు పోయింది. ఆ ఏడే 7 హక్కులు కేటర్‌హామ్ చేతికి వెళ్లాయి. కారు కట్టే అలవాటు మాత్రం పన్నుతో పాటు పోలేదు. 1996లో రాన్ చాంపియన్ అనే ఉపాధ్యాయుడు 250 పౌండ్లతో స్పోర్ట్స్ కారు కట్టుకోవడం ఎలాగో పుస్తకం రాశాడు. అతను చెప్పిన దాత ఫోర్డ్ ఎస్కార్ట్. ఎందుకంటే ఆనాడు ఇంగ్లండు తుక్కు దుకాణాల నిండా అవే. తర్వాత ఆ స్థానం మాజ్దా ఎమ్‌ఎక్స్-5కు దక్కింది. ఇంజన్ నిలువుగా ముందు ఉంటుంది, నడక వెనక చక్రాలకు, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, అన్నీ ఒకే బండిలో.

ఎడారికి తగిన దాత అమెరికాలో తేలింది. కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ ఫైబర్‌గ్లాస్‌తో పడవలు చేసే మనిషి. 1964లో ఆ ఫైబర్‌తోనే ఇసుక దిబ్బల మీద పరుగెత్తే బగ్గీ ఒకటి కట్టి మేయర్స్ మ్యాంక్స్ అని పేరు పెట్టాడు. దాత ఫోక్స్‌వేగన్ బీటిల్. మొదటి డజను బళ్లకు ఫైబర్ బాడీయే చట్రంగా ఉండేది. ఖర్చు గిట్టక, తర్వాతి వాటికి బీటిల్ నేల పలకనే తీసుకుని మధ్యలో సుమారు 36 సెంటీమీటర్ల ముక్క కోసి, రెండు కొసలు మళ్లీ అతికించే పద్ధతి పెట్టాడు. ఎవరి పెరట్లో వాళ్లు ఒక రంపం, ఒక వెల్డింగ్ మిషనుతో చేసుకోగల పని. 1967 ఏప్రిల్‌లో మేయర్స్, ఇంకొకరితో కలిసి మెక్సికోలోని లా పాజ్ నుంచి తిహువానా దాకా ఆ బగ్గీని 34 గంటల 45 నిమిషాల్లో నడిపి రికార్డు కొట్టాడు. అదే ఏడు నవంబర్‌లో మొదటిసారి జరిగిన మెక్సికన్ 1000 పందెంలోనూ మ్యాంక్సే గెలిచింది.

అది చూసి ఇతరులు అచ్చులు తీసుకుని లక్షల్లో నకళ్లు చేశారు. మేయర్స్ పేటెంట్ కోర్టులో నిలవలేదు. 1971లో కంపెనీ మూతబడింది. తన ఆలోచనను లోకమంతా వాడుకుంటుంటే, దాన్ని కన్నవాడు ఖాళీ చేతులతో మిగలడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

బీటిలే ఎందుకని అడిగితే జవాబు ఇసుకలోనే ఉంది. ఇంజన్ వెనక, తోసే చక్రాలూ వెనకే. బరువంతా ఆ చక్రాల మీద పడితే పట్టు దొరుకుతుంది. ముక్కు తేలికగా ఉంటుంది కాబట్టి ఇసుకలో దిగబడదు. గాలితో చల్లబడే ఇంజన్ కాబట్టి రేడియేటర్ లేదు, నీళ్లు మరిగే బెడదా లేదు. దిబ్బల మీద బండి నడిపినవాడికి ఆ మూడు మాటల విలువ తెలుస్తుంది. 2020 జనవరిలో డాకర్ ర్యాలీ మొదటిసారి సౌదీకి వచ్చినప్పుడు, జెద్దాలో బయలుదేరి ఖిద్దియాలో ముగిసిన ఆ పందెంలో కార్లోస్ సైన్స్ గెలిచిన బండి కూడా వెనక చక్రాలతో నడిచే బగ్గీయే. పేరుకు మినీ. పైన మినీ పోలిక, లోపలంతా పందెం కోసం కట్టిన గొట్టాల చట్రం.

సౌదీ తన సొంత కారు అని చెప్పుకున్నది కూడా దాత బండి మీదే పుట్టింది. 2010లో రియాద్‌లోని కింగ్ సౌద్ విశ్వవిద్యాలయం ‘గజాల్-1’ను బయటపెట్టింది. గజాల్ అంటే జింక. ఆ ఏడు మార్చిలో జెనీవా మోటార్ షోలో నిలబెట్టారు. పైన ఎడారి జింకలా సాగిన కొత్త రేకు. కింద మెర్సిడెస్ జి-క్లాస్. ఆ ఎంపిక చేసినవాళ్లకు బండ్ల సంగతి తెలుసు. జి-క్లాస్ పుట్టుకలోనే ఈ ప్రాంతం చెయ్యి ఉంది. అప్పట్లో కంపెనీలో వాటాదారైన ఇరాన్ షా ప్రోత్సాహంతో మొదలై, 1979 నుంచి ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో తయారవుతూ వచ్చింది. నిచ్చెన ఆకారపు చట్రం, మూడు డిఫరెన్షియల్ లాకులు. చట్రం, బాడీ విడివిడిగా ఉంటాయి గనక పైది దించి ఇంకోటి ఎక్కించవచ్చు. చట్రమే బాడీగా ఉన్న ఈ కాలపు కార్లతో అది సాగదు.

గజాల్ బజారుకు రాలేదు. కొందరు దాన్ని ‘మెర్సిడెస్ మీద ముసుగు’ అని తీసిపారేశారు. నేను ఒప్పుకోను. ఆస్టిన్ మీద కట్టిన చాప్‌మన్‌ను, బీటిల్ మీద కట్టిన మేయర్స్‌ను ఎవరూ అలా అనలేదు. విద్యార్థులు మొదటి కారు కట్టాలంటే నమ్మదగిన ఎముకల మీద కట్టడమే సరైన దారి.

మనవాళ్లలో ఈ దారి పట్టిన మనిషి ఉన్నాడు. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు నాయుళ్లలో లక్ష్మీ మిల్స్ స్థాపకుడు కుప్పుస్వామి నాయుడి మనవడు ఎస్. కరివర్ధన్. మిల్లులు చూసుకుంటూ ఉండిపోయినా ఎవరూ అడిగేవారు కాదు. అతను రేసు కార్లు కట్టాడు. విదేశీ రేసు కారు తెప్పించుకోవాలంటే సుంకాలు మోయలేని రోజులవి. 1980ల చివర్లో అతను తెచ్చిన ‘ఫార్ములా మారుతి’కి దాత మారుతి 800. ఆ 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్‌ను గొట్టాల చట్రంలో డ్రైవరు వెనక బిగించారు. దేశంలో ఏ ఊరికి వెళ్లినా ఆ ఇంజన్‌కు విడి భాగాలు దొరికేవి, విప్పి బిగించే చెయ్యీ దొరికేది. ఆ కార్లలో పందేలు నేర్చుకున్నవాళ్లలో కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్ ఒకడు. 2005లో ఫార్ములా వన్‌లో పరుగెత్తిన మొదటి భారతీయుడు అతనే. కరివర్ధన్ అది చూడలేదు, 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ఉన్న రేసు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు.

ఆస్టిన్, ఎస్కార్ట్, బీటిల్, మారుతి. వీటిలో గొప్ప కారు ఒక్కటీ లేదు. ఆ నేల మీద అప్పటికి ఎక్కువగా తిరిగి, ఎక్కువగా తుక్కులో పడినవి, వీధి మెకానిక్కు కళ్లు మూసుకుని విప్పగలిగినవి. దాతను నిర్ణయించేది ఆ ఊరి తుక్కు అంగడే.

సౌదీలో ఇది చట్టం కూడా. ఐదేళ్లు దాటిన కారును దేశంలోకి తేనివ్వరు, స్టీరింగ్ కుడివైపు ఉన్నదాన్ని అసలే తేనివ్వరు. జపాన్ నుంచి పాత ఎమ్‌ఎక్స్-5 తెప్పించుకుందామనుకునేవాడికి రేవులోనే దారి మూసుకుపోతుంది. కాబట్టి దాత ఇక్కడే తిరిగి ఇక్కడే అలసిన బండి అయి ఉండాలి. అలా చూస్తే నాకు ముందు తట్టేది ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, దాని తోబుట్టువు మెర్క్యురీ గ్రాండ్ మార్క్విస్. పొడవాటి పెద్ద కార్లు, ముందు 4.6 లీటర్ల వీ8, వెనక చక్రాలకు నడక. గల్ఫ్ రోడ్ల మీద ఒక తరం అంతా అవే. కెనడాలో 2011 సెప్టెంబర్ 15న ఫ్యాక్టరీ గేటు దాటిన చిట్టచివరి క్రౌన్ విక్టోరియా కూడా సౌదీకి రావలసిన బండే.

కోబ్రా ఆకారానికి ఇది ఇంకా బాగా అతుకుతుంది. 1962లో కరోల్ షెల్బీ చేసింది ఇంగ్లీషు ఏసీ కంపెనీ తేలికపాటి కారులో ఫోర్డ్ వీ8 దింపడమే. అసలు కోబ్రాయే రెండు దేశాల సంతానం. ఇప్పుడు అమెరికాలో ఆ ఆకారం కిట్లు అమ్మేవాళ్లు ఎక్కువగా దాతగా తీసుకునేది ఫోర్డ్ మస్టాంగ్. 1996 నుంచి మస్టాంగ్‌లో ఉన్నది ఈ 4.6 కుటుంబపు వీ8లే. వెనక హౌసింగ్ కూడా అదే జాతి, కాకపోతే పెద్ద కారుది కాస్త వెడల్పు. దాన్ని కోసి, తగ్గించి, వంకర రాకుండా వెల్డ్ చేయాలి. ఆ పని తెలిసినవాళ్లు సనయ్యాలో ఉన్నారు.

తష్లీహ్‌లో ఒక మూల తెల్ల గ్రాండ్ మార్క్విస్ ఉంది. కుర్రవాడు ముఖం ముడిచాడు. “దీని ఛాసిస్ మనకు అక్కర్లేదు గదా, కిట్‌తో కొత్తది వస్తుంది, మరి కింద పడుకుని చూడడం దేనికి?” అని అడిగాడు. నేను అరబ్బీలో చెప్పబోయేలోపు జగిత్యాల తమ్ముడు అతన్ని కిందికి లాగి టార్చి వేశాడు. చట్రం ఒకచోట వంగి ఉంటే, అదే దెబ్బ హౌసింగ్‌కు, ముందు సస్పెన్షన్ చేతులకు తగిలిందన్నమాట. మనం తీసుకుపోయేవి అవే కదా. కామారో చట్రానికి ఎడమవైపు ముడత ఉంది. మార్క్విస్‌కు లేదు. తర్వాత గోరుతో తుప్పు గీరి చూపించాడు. దమ్మామ్ చుట్టూ ఉప్పు నేల. సముద్రపు గాలిలో తిరిగిన బండి కింది నుంచి పొరలు పొరలుగా ఊడుతుంది. రియాద్‌లో బతికిన బండికి ఆ పొడి గాలిలో తుప్పు పెద్దగా ఉండదు, బదులుగా రబ్బరు బుష్షులు ఎండి పగులుతాయి, వైరింగ్ మీది ప్లాస్టిక్ చేత్తో నలిపితే రాలుతుంది. బుష్షులు, వైరింగ్ కొత్తవి వేసుకోవచ్చు. తుప్పు తిన్న ఉక్కుకు కొత్తది లేదు. నంబరు ప్లేటు పీకేసి ఉన్నా, తలుపు మూలల్లో పేరుకున్న సన్నని ఎర్ర ఇసుక చూసి అది రియాద్ బండి అని తేల్చాడు.

డిప్‌స్టిక్ లాగి ఆయిల్‌ను బొటనవేలికి, చూపుడువేలికి మధ్య రుద్దాడు. గరుకు తగల్లేదు. ఇసుక లోపలికి పోలేదు. ఇంజన్ తిప్పితే చైన్ చప్పుడు లేదు.

కుర్రవాడు ఇంజన్, హౌసింగ్ మాత్రం కొంటానన్నాడు. తమ్ముడు ఒప్పుకోలేదు, మొత్తం బండి కొనాలన్నాడు. బ్రేకు పెడల్, హ్యాండ్‌బ్రేక్ తీగ, స్టీరింగ్ కాలమ్, పెట్రోలు ట్యాంకు గొట్టాలు, ఇంజన్ మౌంట్లు ఒక్కొక్కటే తర్వాత వెతుక్కుంటే నెలలు పడుతుందన్నాడు. బేరం తెగింది. డైనా లారీ వచ్చేలోపు తమ్ముడు పాలడబ్బా ఒకటి సంపాదించి, స్టీరింగ్ కాలమ్ బోల్టులు నాలుగూ విప్పి అందులో వేసి, మూత మీద మార్కర్‌తో తెలుగులో రాశాడు: ‘స్టీరింగు, పైవి రెండు పొడుగు’.