ఒక యింటి యిద్దఱు గృహిణులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈశాన్య దిక్కున వెర్మాంట్ అను చిన్న కొండనాడు గలదు. అందు వేబ్రిడ్జి యనునది యొక గ్రామము. ఆ గ్రామపు శ్మశానవాటికలో నొక సమాధిఫలకముపై రెండు పేరులు చెక్కబడియున్నవి: ఛారిటీ బ్రయంట్, సిల్వియా డ్రేక్. భార్యాభర్తలకు ఒకే రాయి నిలుపుట ఆ దేశమున వాడుక. కాని యీ రెండును స్త్రీల పేరులే. వారు అక్కచెల్లెండ్రు కారు, తల్లీబిడ్డలును గారు. 44 సంవత్సరములు ఒకే యింట, ఒకే సంపాదనపై, ఒకే పడకపై కాపురము చేసిన యిద్దఱు స్త్రీలు. వారిని మరణానంతరము ఒక్క రాతిక్రింద జేర్చినవారు లోకమును ధిక్కరించిన విప్లవకారులు గారు. దైవభక్తియు గ్రామమర్యాదయు గల సామాన్య జనులు.

స్త్రీని స్త్రీ ప్రేమించి కాపురము చేయుట నేటి నాగరకత తెచ్చిన వింత యని తలచువారు మనలో గలరు. అది మతమునకు శత్రువనియు, మర్యాదగల యిండ్లలో దానికి తావుండదనియు మఱికొందఱు తలతురు. ఈ రెండు తలపులకును వేబ్రిడ్జి గ్రామపు చరిత్ర యొక సమాధానము చెప్పుచున్నది. అది కేవలము సంతోషకరమైన సమాధానము గాదు. అందుచేతనే శ్రద్ధగా వినదగినది.

ఛారిటీ 1777వ సంవత్సరమున మసాచుసెట్స్ రాష్ట్రమున నార్త్ బ్రిడ్జివాటర్ అను నూర నొక వైద్యుని యింట జన్మించెను. ఆమె పుట్టిన కొలదిదినములకే తల్లి క్షయవ్యాధిచే మరణించెను. యుక్తవయస్సు వచ్చిన పిదప ఆమె తండ్రి యిల్లు విడిచి బడిపంతులమ్మగా జీవించెను. వివాహమాడుట కామె కిష్టము లేకుండెను. తోడి స్త్రీలపై ఆమెకు గల గాఢానురాగమును గూర్చి లోకులు గుసగుసలాడసాగిరి. నింద పడిన యూరు విడిచి వేఱొక యూరికి తరలుచు, ముప్పదియేండ్లు సమీపించునప్పటికి ఆమెకు తనదను గూడు లేకపోయెను. 1807లో వెర్మాంటున నున్న యొక స్నేహితురాలి యింటికి చుట్టపుచూపుగా బోయెను. ఆ స్నేహితురాలి చెల్లెలే సిల్వియా. ఆమె 1784లో జన్మించినది. ఛారిటీకంటె ఏడేండ్లు చిన్నది. ఆమెకును పెండ్లి మాట రుచింపదు. చుట్టపుచూపునకు వచ్చిన యామె మరల పుట్టినయూరిలో గాపురముండుటకు బోలేదు. ఆ సంవత్సరము జూలై 3వ తేదీన సిల్వియా తనవారి యిల్లు విడిచి, ఛారిటీ యద్దెకు దీసికొన్న గదికి వచ్చెను. ఆ దినమునే వారు తమ కాపురమునకు మొదటి దినముగా నెంచుకొనిరి. 1809 నాటికి తమదైన చిన్నయిల్లు నొకదానిని గట్టుకొని యందు బ్రవేశించిరి.

వారికి జీవనాధారము సూదియు దారమును. గ్రామపు రైతులకు కోటులును లాగులును, స్త్రీలకు గౌనులును గుట్టుచు, తెల్లవాఱకమునుపు మొదలిడి రాత్రి ప్రొద్దుపోవువఱకు శ్రమించెడివారు. పెక్కుమంది పడుచులకు కుట్టుపని నేర్పి, వారిని స్వశక్తిపై నిలుచునట్లు జేసిరి. ఇచ్చట శాసనసంబంధమైన విషయ మొకటి గమనింపదగియున్నది. ఆ కాలపు అమెరికా ధర్మశాస్త్రము ననుసరించి వివాహిత సంపాదించిన ధనము భర్తకు జెందెడిది. అవివాహిత తన పేరున ఆస్తి గలిగియుండవచ్చును. కావున పెండ్లిలేని యీ యిద్దఱు స్త్రీలు, ఊరిలోని యనేక గృహిణులకు లేని యార్థికస్వాతంత్ర్యమును బొందిరి. జనాభాలెక్కలవారు ఛారిటీ పేరునే గృహయజమాని పేరుగా వ్రాసికొనిరి.

మఱి దేవుని మాట యేమి? ఇరువురును గ్రామమందలి క్రైస్తవసంఘమున జేరి, తప్పక ప్రార్థనలకు బోయెడివారు. ఆదివారపు బడిలో పిల్లలకు బోధించిరి. మతగురువులు వారి యింటికి వచ్చి పోవుచుండిరి. ధర్మకార్యములకు వారు సొమ్మిచ్చిరి. రోగము వచ్చినచోట రాత్రులు మేల్కొని పరిచర్య జేసిరి. అన్నదమ్ముల పిల్లలును, అక్కల పిల్లలును ఇద్దఱిని సమముగా ‘అత్త’ యనియో ‘పిన్ని’ యనియో భావించి, తమ బిడ్డలకు వారి పేరులు పెట్టుకొనిరి. ఛారిటీ అన్నగారి కుమారుడు విలియం కల్లెన్ బ్రయంట్ సుప్రసిద్ధుడైన కవి. న్యూయార్కున నొక దినపత్రికకు సంపాదకుడు. 1843లో ఆయన మేనత్తను జూడబోయి, ఆ కాపురమును గూర్చి తన పత్రికలో వ్రాసెను. పేరులు మాత్రము దాచెను. వారిరువురు యౌవనముననే ఒకరినొకరు జీవితసహచరులుగా వరించిరనియు, వారి తలగడయు ధనపుసంచియు నొక్కటే యనియు, ఒకరి బంధువులు రెండవవారికిని బంధువులైరనియు, ఆ బంధము వారికి వివాహముకంటె దక్కువ పవిత్రము గాదనియు దాని సారాంశము. 1850లో ఆ లేఖ పుస్తకరూపమున గూడ వెలువడెను. ఆ గ్రామమున బాల్యము గడపిన యొకాయన వార్ధక్యమున దన జ్ఞాపకములు వ్రాయుచు, ఆ యిద్దఱును ఒకరితో నొకరు వివాహమాడినవారే యన్నట్లు జనులు చెప్పుకొనెడివారని తెలిపెను.

“వారు కేవలము స్నేహితురాండ్రే కావచ్చును గదా, తలుపు మూసిన పిదప జరుగునది యెవరికి దెలియును?” అని కొంద ఱడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని యే దంపతులను గూర్చియైన మన మిట్లడుగుచున్నామా? ఒక పురుషుడును స్త్రీయు నలువదినాలుగేండ్లు కలిసి బ్రతికినచో, వారి యనురాగమునకు సాక్ష్యము తెమ్మని చరిత్రకారుడు కోరడు. వీరి విషయముననో, ఒకరిపై నొకరు వ్రాసికొన్న పద్యములును, ఉత్తరములును, సిల్వియా దినచర్యయు మిడిల్‌బరీ పట్టణమందలి హెన్రీ షెల్డన్ మ్యూజియమున నేటికిని గలవు. వాని నాధారముగా గొని రేచెల్ హోప్ క్లీవ్స్ అను చరిత్రకారిణి 2014లో వీరి జీవితమును సమగ్రముగా గ్రంథస్థము జేసెను.

గ్రామము వారి నెట్లు సహించెను? ఒక్కనాటి తీర్మానముచే గాదు. ఏ సభయు జరుగలేదు. వారు కుట్టిన కోటు తొడుగుకొన్న రైతు వారిని నిందింప జంకెను. తన బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ప్రక్కన గూర్చున్న స్త్రీని ఏ తల్లి దూషింపగలదు? బంధుత్వము మఱియొక కంచుకోట: ఊరిలో సగముమంది డ్రేకు కుటుంబమునకు జుట్టములో స్నేహితులో. మూడవది మౌనము. అందఱును ఎఱిగియుండిరి, ఎవరును పేరు పెట్టి పిలువరైరి.

ఈ మౌనమునకు వెల యెవరు చెల్లించిరి? ఊరు చెల్లింపలేదు, వారిద్దఱే చెల్లించిరి. సిల్వియా దినచర్యలో తన పాపములను దలచుకొని వగచిన మాట లనేకములు గలవు. ఆ పాపమేమో యామె పేరు పెట్టి వ్రాయలేదు. తాను వ్రాసిన యుత్తరములను దగ్ధము చేయుమని ఛారిటీ స్నేహితురాండ్రను గోరెను. ఊరివా రెల్లరును మెచ్చుకొనునట్లు ప్రతిదినమును శ్రమించినవారికే ఆ సహనము దక్కినది. సోమరియైన స్త్రీకి, కోపిష్ఠికి, బంధుబలము లేని పేదరాలికి అదే గ్రామము అంతటి యుదారత జూపియుండునా? సందేహమే. సాధారణ దంపతులు దోషములు గలవారైనను దంపతులే. వీరు మాత్రము నిర్దోషులై యుండవలసివచ్చెను. ఓర్పునకును అంగీకారమునకును గల భేద మిదియే.

1851 అక్టోబరు 6వ తేదీన ఛారిటీ మరణించెను. సిల్వియా కొన్నేండ్లు ఆ యింటనే యొంటిగా నుండి, పిదప అన్నగారి యింటికి జేరి, 1868 ఫిబ్రవరి 13వ తేదీన కన్నుమూసెను. అదే వెర్మాంట్ రాష్ట్రము 2000 సంవత్సరమున సమలింగ సహచరులకు వివాహతుల్యమైన హక్కుల నొసగుచు శాసనము చేసెను. 2009లో వివాహమునే యంగీకరించెను. న్యాయస్థానము నిర్బంధింపకయే శాసనసభచే నట్లు చేసిన మొదటి రాష్ట్రమదియే.

మన దేశమున మార్గము వేఱు. ఆంగ్లేయప్రభుత్వము 1860లో చేసిన శిక్షాస్మృతియందలి 377వ విభాగము ఇట్టి ప్రేమను నేరముల పట్టికలో జేర్చెను. 2018 సెప్టెంబరు 6వ తేదీన సుప్రీంకోర్టు, వయోజనులు పరస్పరసమ్మతితో నెఱపు సంబంధము నేరము గాదని తీర్పు చెప్పెను. 2023 అక్టోబరు 17వ తేదీన, వివాహపుహక్కును దాము కల్పింపజాలమనియు, అది శాసనసభల పని యనియు ఆ న్యాయస్థానమే చెప్పెను. శిక్ష తొలగినది; బంధమునకు పేరు మాత్రము రాలేదు. ఈ నడుమనున్న చోటే యిల్లు.

సోదరీసోదరులారా! వితంతువు మరల ముత్తైదువ యగుట ఘోరమని యొకప్పుడు మన పెద్దలు తలచిరి. శాసనము 1856లోనే వచ్చెను. అయినను 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వివాహము జరిపించునాటికి, ఆ పెండ్లివారికి గుక్కెడు నీ రిచ్చు నిల్లు కఱవాయెను. శాసనము త్రోవ చూపును. గడప దాటించి లోనికి బిలుచుట యింటివారి పని. పెండ్లి వలదను కూతురు మన యింటను బుట్టవచ్చును. ఆమె యొక నెచ్చెలిని వెంటబెట్టుకొని వచ్చి, ఈమెయే నా కుటుంబమని చెప్పవచ్చును. అప్పుడు వారిద్దఱికి నొక్కచోట విస్తళ్లు వేయుదుమా? శుభలేఖపై రెండు పేరులు వ్రాయుదుమా? ఒకతె యాసుపత్రిలో నున్నప్పుడు రెండవయామెను పరాయిదని వాకిట నిలుపుదుమా?

ఆ మ్యూజియమున ఛారిటీ సిల్వియాల నీడబొమ్మలు రెండు, ఎదురెదురు ముఖములతో గలవు. వాని చుట్టును జడగా నల్లిన తలవెండ్రుకలు చట్రముగా నున్నవి. వా రా చిత్రమును దమ కొఱకే చేయించుకొనిరి. ఊరిని మెప్పించుటకు గాదు. మన యిండ్లలోని యిట్టి బిడ్డలకు, ఎవరి మెప్పును సంపాదింపకయే గోడపై దమ చిత్రము వ్రేలాడగట్టుకొను స్వేచ్ఛ గలుగవలెనా వలదా యని విజ్ఞులైన చదువరులు తమ గృహములందే యాలోచింతురు గాక.