ఎడారికెళ్లిన మన గుర్రాలు

'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962) చూశారా? మా ఉప్పల్ ఇంట్లో, నాచారం నుంచి వచ్చిన వదినతో కలిసి మళ్లీ చూశాను. మూడున్నర గంటలు దాటే సినిమా, మాట్లాడే ఆడమనిషి ఒక్కతీ లేదు! "వీళ్లకి అమ్మలూ అక్కలూ లేరుటే?" అంది వదిన.

నాకు వెలితిగా తోచింది ఇంకొకటి. డేవిడ్ లీన్ అరబ్బుల ఒంటెల్ని కళ్లనిండా చూపించాడు గానీ, అదే యుద్ధానికి వెళ్లిన హైదరాబాదు గుర్రాలని చూపలేదు. నిజాంగారి లాన్సర్లు, అంటే ఈటెల గుర్రపు దళం, 1914లో ఓడెక్కి ఈజిప్టు చేరారు. సూయజ్ కాలువకి కాపలా కాశారు. తర్వాత పాలస్తీనా. వదిన అడిగిన ఆ అమ్మలూ అక్కలూ ఇక్కడ నాలుగేళ్లూ గుమ్మంవైపు చూస్తూనే ఉండి ఉంటారు.

1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు హైఫా పట్టణాన్ని పట్టుకున్నారు. మనవాళ్లకి ఖైదీలని తీసుకెళ్లే పని పడింది. ఎవరో ఒకరు చెయ్యాలిగా, వంటయ్యాక గిన్నెలు తోమినట్టు!

ఈ మూడు సంస్థానాల దళాల గుర్తుగానే ఢిల్లీలో 1922లో తీన్‌మూర్తి వెలిసింది. అటు వెళితే కాస్త ఆగి చూడండి. ఆ ముగ్గురు కంచు సైనికుల్లో ఒకడు మనవాడు.